విస్తరి ఖరీదు

“మేష్టారూ, ఒక ఇస్తరికి మనకెంత పడతాది?”

2021 మార్చిలో, అడ్డాకు మిషన్ల షెడ్డులో, అన్నాల వేళ అడిగిన ప్రశ్న ఇది. అడిగింది మా యూనిట్‌లో పెద్ద దిక్కులాంటామె. అందరూ ఆమెను అప్ప అంటారు, నేనూ అదే అంటాను. నా దగ్గర జవాబు లేదు. లేదని ఒప్పుకున్నానా అంటే అదీ లేదు. “అవన్నీ నీకెందుకప్పా, మేం చూసుకుంటాం గదా” అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆమె కూడా నవ్వి, సత్తు గిన్నె కడుక్కోవడానికి లేచి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఆమె ప్రశ్న వల్ల కాదు, నా జవాబు వల్ల. పద్దెనిమిదేళ్లుగా నేను చేస్తున్న పనంతా ఆ ఒక్క మాటలో బయటపడింది. మేం చూసుకుంటాం. ఎవరు మేం? ఏం చూసుకున్నాం?

పార్వతీపురం ఏజెన్సీలో, సవర, జాతాపు గూడేల మధ్య మా సంస్థ 2003లో మొదలైంది. అంతకుముందు నేనొక ప్రైవేటు బడిలో లెక్కల మేష్టారిని. లెక్కల మేష్టారినన్న సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది. మేం నడిపినవి రాత్రి బడులు. సవర పిల్లలు పగలు సర్కారు బడిలో కూర్చుంటారు, పాఠం తెలుగులో జరుగుతుంది, వీళ్లకు సగం ఎక్కదు. అదే పాఠాన్ని ఆ గూడెంలోనే ఇంటర్ చదివిన కుర్రాడో పిల్లో రాత్రి ఏడింటికి సవరలో చెబితే ఎక్కుతుంది. ఇంతే మా కనిపెట్టుడు. మొదటి బడి ఒక ముసలమ్మ ఇంటి అరుగు మీద పెట్టాం. పదేళ్లలో పన్నెండు గూడేలకు వెళ్లాం.

డబ్బు మాకు నేరుగా వచ్చేది కాదు. విదేశీ నిధులు అందుకునే ఒక పెద్ద సంస్థ, అందులో కొంత మాలాంటి చిన్నవాళ్లకు పంచేది. ఏటా ఒక ప్రపోజల్ రాయాలి. ప్రపోజల్ చివర ‘సుస్థిరత’ అని ఒక పేరా ఉంటుంది. ప్రాజెక్టు ముగిశాక పని ఎలా సాగుతుందో అందులో చెప్పాలి. “ప్రాజెక్టు కాలం ముగిసే నాటికి స్థానిక సమాజమే బడులను సొంతంగా నిర్వహించుకునేలా సామర్థ్యం పెంపొందిస్తాం” అని మొదటి ఏడాది రాశాను. తర్వాత పదహారేళ్లూ ఆ వాక్యాన్నే కాపీ చేసి అతికించాను. ఒకసారి కంప్యూటర్ పాడైతే, మిగతా ప్రపోజల్ అంతా పోయినా ఆ పేరా మాత్రం నోటికొచ్చింది. అబద్ధం చెబుతున్నానని ఒక్కనాడూ అనిపించలేదు. అందరూ రాసేదే కదా. చదివేవాళ్లకూ తెలుసు, రాసేవాళ్లకూ తెలుసు. తెలియనిది ఆ గూడేల వాళ్లకే.

2020 సెప్టెంబర్‌లో ఎఫ్‌సీఆర్‌ఏను, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించారు. విదేశీ నిధులు తీసుకున్న సంస్థ వాటిని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదన్నారు. పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి దించారు. ఆ చట్టం మంచిదా చెడ్డదా అని నేను చాలా వేదికల మీద మాట్లాడాను, ఇక్కడ మాట్లాడను. ఎందుకంటే చట్టం మా పొయ్యిలో నీళ్లు పోసిన మాట నిజమే గాని, పదిహేడేళ్లుగా ఆ పొయ్యిలోకి పక్కింటి కట్టెలే వాడింది నేను. సొంతానికి ఒక్క మోపు కొట్టి పెట్టుకోలేదు.

ఆ డిసెంబర్‌లో పన్నెండు బడులూ మూసేశాం. టీచర్లు ఒక్కొక్కరే వచ్చి సోలార్ లాంతరు, పలకల పెట్టె, తాళంచెవి అప్పజెప్పారు. ఒక కుర్రాడు తాళంచెవిని తాటి నారకు కట్టి తెచ్చాడు. “మళ్లీ ఎప్పుడు సార్?” అన్నాడు. చూద్దాం అన్నాను. పన్నెండు తాళంచెవులూ బీరువా కింది అరలో పెట్టాను.

ఇక మిగిలింది విస్తర్ల యూనిట్. ఒక కంపెనీ 2016లో సీఎస్సార్ కింద మాకు నాలుగు మిషన్లు కొనిచ్చింది. పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలన్న నిబంధన 2014లో వచ్చిందిగా, దాని పుణ్యమే. అడ్డాకు కొండ మీద దొరుకుతుంది, పెద్ద తీగ, ఆకు రెండు చీలికల గిట్టలా ఉంటుంది. చలికాలంలో, వేసవిలో కోసి, నీడన ఆరబెట్టి, రాళ్లు బరువు పెట్టి కట్టలు కడతారు. సన్నటి పుల్లలతో నాలుగైదు ఆకులు కలిపి కుడతారు. కుట్టిన ఆకు మీద నీళ్లు చిలకరించి మిషన్ అచ్చులో పెడితే, వేడికి పదిహేను ఇరవై సెకన్లలో అంచు లేచిన ప్లేటు బయటికొస్తుంది. నీళ్లు తక్కువైతే ఆకు పెళుసెక్కి చిట్లుతుంది. ఎక్కువైతే రెండో రోజుకల్లా బూజు. ఆ నీళ్ల కొలత ఏ మాన్యువల్‌లోనూ లేదు, అప్ప వేళ్లలో ఉంది. షెడ్డంతా పచ్చి ఆకు ఉడికిన వాసన, అప్పుడే గిన్నె మూత తీసినట్టు.

ఒక ప్లేటును రెండున్నరకు అమ్మేవాళ్లం. రెండున్నర ఎవరు పెట్టారు? నేనే. ఎలా పెట్టాను? పార్వతీపురంలో షాపువాడు అంతకే తీసుకుంటానన్నాడు కాబట్టి. వార్షిక నివేదికలో ఇన్ని లక్షల విస్తర్లు, ఇంతమంది గిరిజన మహిళలకు ఉపాధి అని రాసేవాళ్లం. పక్కన ఫొటో. ఆ ఫొటోలో అప్ప కూడా ఉంది, చేతిలో ప్లేటు పట్టుకుని, నవ్వమంటే నవ్వి.

అప్ప అడిగిన వారం తర్వాత, నేనే వెళ్లి, లెక్క వేద్దాం రమ్మన్నాను. చాలామందికి రాయడం రాదు. చింతపిక్కలు తెచ్చారు. ఒక పిక్క పది పైసలు. షెడ్డు నేల మీద గీత గీసి ఒక్కో ఖర్చుకూ పిక్కలు పెడుతూ పోయారు. ఆకుకు తొమ్మిది పిక్కలు. కుట్టుకు ఎనిమిది. మిషన్ మీద కూర్చున్న మనిషికి నాలుగు. కరెంటుకు రెండు. చిట్లిపోయిన వాటికి రెండు. ఆటోకు నాలుగు. ఆటోకు నాలుగేమిటి అన్నాను, నాకు తెలిసి మూడే. “వర్షమొచ్చినప్పుడు టార్పాలిన్ కిరాయి మీరు కట్టారేటి?” అంది ఒకామె. మిషన్ బాగు చేయించడానికీ, రేపు పాడైతే ఇంకోటి కొనడానికీ రెండు. ఆ చివరి మాట అన్నది కూడా వాళ్లే. మిషన్ ఊరికే వచ్చింది కాబట్టి అది ఎప్పటికీ ఊరికే ఉంటుందని నేననుకున్నాను.

ముప్పై ఒక్క పిక్కలయ్యాయి. అప్ప ఇంకా గుప్పిట్లో కొన్ని పట్టుకుని నా వైపు చూసింది. “మీ జీతం యే ఇస్తర్లోంచి వస్తాది మేష్టారూ?”

నా జీతం, మా అకౌంటెంట్ జీతం, షెడ్డు అద్దె, అన్నీ ఇన్నాళ్లూ రాత్రి బడుల ప్రాజెక్టులోంచి వెళ్లాయి. అంటే విస్తరి చవగ్గా ఉండడానికి బడి పిల్లలు డబ్బు కట్టారన్నమాట. ఆ మాట పైకి అనలేదు. మూడు పిక్కలు పెట్టమన్నాను. ముప్పై నాలుగు. పక్కన అమ్మకం ధర, ఇరవై ఐదు. ప్రతి ప్లేటు మీదా తొంభై పైసలు పోగొట్టుకుంటూ, ఎక్కువ అమ్మిన ఏడాదిని మంచి ఏడాది అని రాసుకున్నాను. లెక్కల మేష్టారిని.

ఆ లెక్కకు అరగంట పట్టింది. అయిదేళ్లు ఎందుకు వేయలేదని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. తీరిక లేక కాదు. ఇష్టం లేక. డబ్బు గురించి మాట్లాడడం నాకు మురికిగా అనిపించేది. సేవ చేసేవాడు ఖరీదు అడగకూడదని ఎక్కడో పాతుకుపోయింది. ఫీల్డ్ స్టాఫ్ జీతం పెంచమంటే, మనం వచ్చింది డబ్బు కోసమా అని ఉపన్యాసం ఇచ్చాను. ఆ ఉపన్యాసం విన్నవాళ్లలో ఒకమ్మాయి మూడేళ్ల తర్వాత ఏడుస్తూ మానేసింది, పెళ్లికి చేసిన అప్పు తీర్చలేక. పైగా మాకు డబ్బిచ్చేవాళ్లకు ఓవర్‌హెడ్ తక్కువ చూపిస్తే ఇష్టం. నేను తక్కువ చూపించి, మెప్పు పొంది, ఆ తేడా ఎవరి కడుపులోంచి వచ్చిందో చూడలేదు.

నాకొక మంచి సాకు కూడా దొరికింది. అప్పటి మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో 1990ల చివర సూక్ష్మ రుణాలిచ్చే సొసైటీగా మొదలైన ఎస్‌కేఎస్, 2005లో ఫైనాన్స్ కంపెనీగా మారి, 2010 ఆగస్టులో షేర్ మార్కెట్‌కు వెళ్లింది. అదే అక్టోబర్‌లో, సూక్ష్మ రుణాల వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ రంగం మీద ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ రోజుల్లో నేను మహా సంబరపడ్డాను. చూశారా, సేవలోకి వ్యాపారం దూరితే ఇదే జరుగుతుందని ప్రతి మీటింగ్‌లోనూ చెప్పాను. చెప్పినదాంట్లో నిజం ఉంది, పేదవాడి దగ్గర లాభం తీయడానికి తొందరపడితే ఏమవుతుందో మన రాష్ట్రమే చూసింది. కాని నేను ఆ నిజాన్ని వాడుకున్నది నా బద్ధకానికి గొడుగుగా. వాళ్లు అతిగా లెక్కపెట్టారు కాబట్టి నేను అసలు లెక్కపెట్టనక్కర్లేదని.

మరో ఉదాహరణ నా కళ్ల ముందే ఉండేది. మా అమ్మ శుక్లాల ఆపరేషన్‌కు విశాఖలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. మేం డబ్బు కట్టాం. మాతోపాటు వచ్చిన ఏజెన్సీ ముసలాయన కట్టలేదు. ఇద్దరినీ చూసింది ఒకే డాక్టరు. ఆ ఏర్పాటుకు మన దగ్గర ఆద్యుడు డాక్టర్ గుల్లపల్లి నాగేశ్వరరావు, హైదరాబాద్‌లో 1987 నుంచీ. అంతకుముందే మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి, సర్కారు కొలువు నుంచి రిటైరయ్యాక, 58 ఏళ్ల వయసులో, కీళ్లవాతంతో వంకరపోయిన వేళ్లతో, 1976లో 11 పడకలతో అరవింద్ ఆసుపత్రి పెట్టాడు. కట్టగలిగినవాడి డబ్బుతో కట్టలేనివాడికి చూపు. కంట్లో పెట్టే లెన్సుల ధర అడ్డమొస్తోందని 1992లో ఆరోల్యాబ్ పెట్టి వాటినీ సొంతంగా తయారు చేసుకున్నారు. నాకు ఇప్పుడు సరిగ్గా 58. ఆయనతో పోల్చుకోవడానికి కాదు, 58 ఏళ్లకు కొత్తగా ఏం నేర్చుకుంటాంలే అని నేననుకున్న రోజులున్నాయి కాబట్టి చెబుతున్నాను.

అయితే, ఆ కథ విన్నవాళ్లంతా ఒకటి మర్చిపోతారు. శుక్లం డబ్బున్నవాడి కంట్లోనూ వస్తుంది. అందుకే ఆ లెక్క కుదిరింది. సవర పిల్లకు రాత్రి పూట సవరలో పాఠం చెప్పించుకునే డబ్బున్నవాడు ఎక్కడున్నాడు? హైదరాబాద్‌లో ఒక హోటల్లో సోషల్ ఎంటర్‌ప్రైజ్ మీద రెండు రోజుల శిక్షణకు వెళ్లాను. గోడకు పెద్ద చార్టు, రంగురంగుల చీటీలు, ‘మీ కస్టమర్ ఎవరు’ అని ప్రశ్న. నేను చీటీ మీద ‘పిల్లలు’ అని రాశాను. పిల్లలు కట్టలేరు కదా సార్, ఆలోచించండి అన్నాడు కుర్ర ట్రెయినర్. రెండు రోజులూ ఆలోచించాను. ఆ చీటీని చివరిదాకా ఖాళీగానే వదిలేశాను. కొన్ని పనులకు కస్టమర్ ఉండడు. వాటిని ఇంకో పని మోయాలి, లేదా సర్కారు మోయాలి, లేదా దాత మోయాలి. దేన్ని ఏది మోస్తోందో తెలిసి ఉండాలి, అంతే. మా దగ్గర అది తలకిందులైంది. మోయాల్సిన విస్తరే బడి భుజం మీదెక్కి కూర్చుంది.

పాఠం దొరికింది హోటల్లో కాదు, ముల్కనూర్‌లో ఒక పూట తిరిగినప్పుడు. 1956లో ఏ.కె. విశ్వనాథరెడ్డి చొరవతో మొదలైన సహకార సంఘం ఉన్న ఊరది. సభ్యుల వాటాలు, సభ్యుల డిపాజిట్లు, సభ్యుల ధాన్యం. అక్కడ నేను వెతికింది దాత పేరున్న బోర్డు కోసం. అలవాటు.

2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్, థర్మకోల్ ప్లేట్లను దేశమంతా నిషేధించారు. ఆ వారం ఫోన్లే ఫోన్లు. విశాఖ నుంచి ఒక కేటరర్ లక్ష ప్లేట్లు అడిగాడు. ఇవ్వలేకపోయాం. మిషన్లున్నాయి, చేతులున్నాయి, ఆకు లేదు. వానల్లో ఆకు ఆరదు, వేసవిలోనే రొక్కమిచ్చి కొని నిల్వ పెట్టుకోవాలి. దానికి రెండు లక్షలు కావాలి. మిషన్ కొనిస్తామనేవాళ్లు చాలామంది దొరికారు, మిషన్ మీద పేరు రాయించుకోవచ్చు. ఆకు కొనిస్తామన్నవాడు ఒక్కడూ లేడు. ఆకు మీద పేరెక్కడ రాస్తాం? సేవా సంస్థలు నిధులు సేకరించుకోవడానికి సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ వచ్చిందిగా, అక్కడ ప్రయత్నించండని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. గత ఏడాది కనీసం 50 లక్షలు ఖర్చు చూపించాలట. మా సంస్థ చరిత్రంతా ఊడ్చినా ఒక ఏడాదిలో అంత లేదు.

పైగా ఆడిటర్ హెచ్చరిక. మీ సంస్థ సొసైటీ కదా, దాని పేరు మీద వ్యాపారం పెరిగితే, మీ పనిని ఆదాయపు పన్నువాళ్లు ‘సాధారణ ప్రజా ప్రయోజనం’ కింద లెక్కగడితే, వ్యాపార రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు, దాటితే మినహాయింపు పోతుంది అన్నాడు. దాంతో యూనిట్‌ను సొసైటీలోంచి బయటికి తీశాం. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద, మా వాడుకలో మ్యాక్స్, మహిళల పేరున రిజిస్టర్ చేయించాం. ఒక్కొక్కరు అయిదువందల వాటా కట్టారు, మిగతాది పొదుపు సంఘాల నుంచి అప్పు. అధ్యక్షురాలు అప్ప. నేను కమిటీలో లేను. ఉండాలనుకున్నాను, వాళ్లు అడగలేదు. వారం రోజులు మనసు చివుక్కుమంది.

ఇప్పుడు రెండో తప్పు చెప్పాలి. మొదటిదాన్ని నలుగురిలో చెప్పడం అలవాటైంది, దీన్ని ఇంతవరకు రాయలేదు.

లెక్క తెలిశాక నాకు లెక్క పిచ్చి పట్టింది. ధర పెరిగింది, కేటరర్ నాణ్యత అడిగాడు, కుట్టు వదులైన ప్లేట్లు తిరిగొచ్చాయి. ఎవరి కుట్టు ఎంత పోతోందో నోటుబుక్కులో రాశాను. అన్నిటికన్నా ఎక్కువ పోయేది ఒక ముసలమ్మది. చూపు మందగించింది, పుల్ల ఒకచోట గుచ్చితే ఇంకోచోట తేలుతుంది. ఆమె దగ్గరికి వెళ్లి, “నువ్వు రేపట్నించి రావొద్దు, ఇంటికాడే ఉండు” అన్నాను. వృద్ధాప్య పెన్షన్ వస్తోంది కదా అని కూడా అన్నాను. అప్పుడు నేను కమిటీ మనిషిని కూడా కాను. ఆమె ఏమీ అనకుండా పుల్లల కట్ట నా చేతికిచ్చింది.

2003లో తన అరుగు మీద మాకు మొదటి బడి పెట్టనిచ్చింది ఆమే.

గుర్తులేక అన్నాననుకుంటారేమో. గుర్తుంది. ఆమెతో మాట్లాడుతున్నంతసేపూ గుర్తుంది. నోటుబుక్కు చేతిలో ఉండేసరికి అది అడ్డు రాలేదు. ఎస్‌కేఎస్ గురించి మీటింగుల్లో ఊగిపోయిన మనిషిని నేనే.

మర్నాడు షెడ్డుకు వెళితే ఆమె ఆకులు ఏరే చోట కూర్చుని ఉంది. తడి ఆకు, ఎండు ఆకు వేరు చేస్తోంది. దానికి కళ్లక్కర్లేదు, వేళ్లు చాలు. అప్ప నాతో దెబ్బలాడలేదు. ముప్పై నాలుగు పిక్కలు నేల మీద పరిచి, ఇంకోటి పెట్టింది. “ఇది ముసిలోళ్ల పిక్క. రేపు మేమూ ముసిలోళ్లమైపోతాం గదా మేష్టారూ” అంది. ధరలోకి పది పైసలు అలా ఎక్కాయి. కేటరర్‌కు చెప్పి మరీ ఎక్కించారు, దాచలేదు. అతను బేరమాడి, చివరికి ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత రాత్రి బడి కోసం రెండు పిక్కలు పెట్టారు. దీన్ని నేను అడగలేదు. అడిగే మొహం లేదు. నిల్వకు అయిదు పైసలు కలిపి, ఇప్పుడు ప్లేటు మూడు రూపాయల డెబ్భై ఐదు పైసలు. ప్లాస్టిక్ పూత పూసిన కాగితపు ప్లేటు బజార్లో ఇంకా చవక. మా ప్లేటు కొనేవాళ్లు తక్కువే, కొన్నవాళ్లు మళ్లీ వస్తున్నారు. నెలకు అరవై వేలు అమ్ముడైతే బడి వాటాకు పన్నెండు వేలు వస్తాయి. అంటే ముగ్గురు టీచర్లు, తలా నాలుగు వేలు. ఆ జీతం చాలదని నాకు తెలుసు, వాళ్లకూ చెప్పాం, ఎందుకు చాలదో పిక్కలు పరిచి చూపించాం. ముగ్గురూ చేరారు.

పోయిన శ్రావణంలో పెళ్లిళ్లు జోరుగా సాగాయి, ఆర్డర్లు వచ్చాయి, ముసురుకు ఆకు ఆరలేదు. రెండు నెలలు టీచర్ల జీతం ఆలస్యమైంది. దీపావళి ముందు ఇచ్చారు.

పన్నెండు బడుల్లో మూడు తెరుచుకున్నాయి. మిగతా తొమ్మిది తాళంచెవులు నా బీరువా కింది అరలోనే ఉన్నాయి, తాటి నార కట్టిందీ వాటిలోనే ఉంది.